మా ట్రక్కుకి బొత్తాం పెట్టించాం

వంటలూ ముగ్గులూ చూసుకుంటూ ఈ పేజీదాకా వచ్చిన అక్కయ్యలకీ చెల్లెళ్ళకీ ఈ శీర్షిక చూడగానే నవ్వొస్తుందేమో! ట్రక్కేమిటి, దానికి బొత్తామేమిటి, అది మనం మాట్లాడుకునే విషయమా అని. కానీ మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ముందు ఆ ట్రక్కు స్టార్టు కావాలి. అలాంటప్పుడు అది కూడా వంటింటి విషయమే కదండీ! అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్మీడియట్, అదీ సి.ఇ.సి. గ్రూపు. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా ఫ్యూజు పోతే తీగ చుట్టడం, మిక్సీ కాలిపోతే కొట్టుకి పట్టుకెళ్ళడం. కాబట్టి నాకు అర్థమైన తీరులోనే మీకూ చెబుతాను.

మాది ఉయ్యూరు. మావారికి 2015లో కొన్న మినీ ట్రక్కు ఒకటుంది. తెల్లవారుఝామునే గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సుకి వెళ్ళి కిరాణా సరుకు లోడు చేసుకుని, పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దారిలో ఉన్న చిన్నచిన్న కొట్లకి దించుకుంటూ వస్తారు. ఒకచోట పప్పు బస్తా, ఇంకోచోట నూనె డబ్బాలు, మరోచోట సబ్బుల పెట్టెలు. రోజుకి పాతిక ముప్పై చోట్ల బండి ఆపాలి. ఆపిన ప్రతిచోటా మళ్ళీ తాళంచెవి తిప్పి స్టార్టు చెయ్యాలి. ఆపకుండా ఉంచుదామంటే డీజిలు ధర మీకు తెలియనిది కాదు, వచ్చే నాలుగు రూకలూ పొగగొట్టంలోంచి పోతాయి.

2023లో దసరాకి ముందు సరుకు దించుతూ బండి మీదనుంచి జారి కిందపడ్డారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. మూడు నెలలు బండి ఇంటిముందే ఉంది. సంక్రాంతి వెళ్ళాక ఎముక బాగా అతుక్కుందనీ, నడపొచ్చనీ డాక్టరుగారు చెప్పారు. స్టీరింగు పవర్‌ది కాబట్టి రెండు చేతులతో తేలిగ్గానే తిరుగుతుంది. గేరు ఎడమచేత్తోనే వేసేది. అంతా బాగానే ఉంది గానీ ఆ కుడిచెయ్యి మెలి తిరగదు. సీసా మూత తియ్యడం, తడి తువ్వాలు పిండటం, కుళాయి బిగించడం... ఇలాంటివి రావు. తాళంచెవి తిప్పడం కూడా సరిగ్గా అలాంటిదే. మన బండ్లకి ఆ తాళంచెవి రంధ్రం స్టీరింగుకి కుడిపక్కనే ఉంటుంది. పైగా ఆఖరున సెల్ఫ్ కొట్టేచోట లోపల స్ప్రింగు ఉంటుంది, దాన్ని బలంగా నొక్కి తిప్పి పట్టుకోవాలి. ఎడమచెయ్యి స్టీరింగు మీదనుంచి అటువైపుకి పెట్టి, నడుం వంచి తిప్పుకునేవారు.

మొదట్లో ఒక వెల్డింగు కుర్రాడు తాళంచెవికి జానెడు ఇనప పిడి అతికించి ఇచ్చాడు. పిడి పొడుగైతే బలం తక్కువ చాలుతుంది, మన తిరగలికి కర్ర ఉన్నట్టు. కొన్నాళ్ళు హాయిగానే జరిగింది. తర్వాత ఆ పిడి ఊపుకి స్విచ్చి లోపల వదులైపోయి, బండి స్టార్టయ్యాక కూడా చెవి వెనక్కి రాకుండా అక్కడే నిలబడిపోవడం, సెల్ఫ్ కీచుమంటూ తిరుగుతూనే ఉండటం మొదలైంది. అలా తిరిగితే సెల్ఫ్ మోటారు కాలిపోతుందట. పిడి తీయించేసి కొత్త స్విచ్చి వేయించారు. కొత్త స్విచ్చి అంటే స్ప్రింగు ఇంకా గట్టిగా ఉంటుంది కదా!

ఇవేవీ నాకు వివరంగా తెలియవు. ఆయన ఇంటికొచ్చి చెప్పే మనిషి కాదు. ఒకరోజు కంకిపాడులో మా పిన్నిగారింటికి వెళ్ళాల్సి వచ్చి నేనూ బండెక్కాను. మొదటి కొట్టు దగ్గర సరుకు దించారు, డబ్బు తీసుకున్నారు, ఎక్కి కూర్చున్నారు. ఎంతసేపటికీ బండి కదలదు. కొట్లో పనిచేసే పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కిటికీలోంచి చెయ్యిపెట్టి తాళంచెవి తిప్పి, అలవాటైన పనిలాగా వెళ్ళిపోయాడు. రెండో కొట్టు దగ్గరా అంతే. "ఒరే బాబూ, కాస్త తిప్పమ్మా" అని ఈయన పిలవడం, ఎవరో ఒకరు రావడం. మూడోచోట ఎవరూ లేకపోతే నావైపు చూడకుండా ఎడమచెయ్యి అటు పెట్టి తంటాలు పడుతుంటే నేనే వంగి తిప్పాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషి రోజుకి పాతికసార్లు పిల్లల్ని బతిమాలుకోవడం... ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డ్రైవర్ని పెట్టుకుందామంటే జీతం, బత్తా కలిపి నెలకి మాకు మిగిలేదాంట్లో సగానికి పైగా అతనికే పోతుంది. అమ్మేద్దామంటే చేతికి వేరే పని లేదు. అప్పుడు మా పెద్దాడే అన్నాడు, "అమ్మా, కార్లకి ఉంటోంది చూడు, బొత్తాం నొక్కితే స్టార్టయ్యేది. అది విడిగా కొనుక్కొచ్చి కూడా పెట్టించుకోవచ్చు. నాన్న బండికి పెట్టిద్దాం" అని.

మా అత్తయ్యగారు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తున్నారు. "అదేం కొత్తరా? మీ తాతయ్య డాక్టరుగారి జీపు తోలే రోజుల్లో కిందనుండే బొత్తాన్ని కాలితో నొక్కేవారు. అది పలక్కపోతే ముందుకెళ్ళి హ్యాండిలు కొట్టేవారు. హ్యాండిలు వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగిందన్నమాటే" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మాయి ఫోనులో చూసి చదివి వినిపించింది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఆయన కరెంటుతో ఇంజను తిప్పే సెల్ఫ్ స్టార్టరు తయారుచేస్తే, 1912లో కాడిలాక్ కారుకి మొదట పెట్టారట. దాంతో హ్యాండిలు తిప్పే బలం లేనివాళ్ళూ, ముఖ్యంగా ఆడవాళ్ళూ, ఎవరి సాయం లేకుండా కారు తీసుకెళ్ళడం తేలికైందట. తాళంచెవి తిప్పితేనే సెల్ఫ్ తిరిగే పద్ధతి ఆ తర్వాతెప్పుడో 1949లో క్రైస్లర్ కార్లతో వచ్చింది. అంటే చెవి కంటే బొత్తామే పెద్దదన్నమాట వయసులో! చెయ్యి విరగకుండా ఉండటానికి పుట్టిన వస్తువు, చెయ్యి విరిగిన మావారికి పనికొస్తుందంటే నాకు ఎక్కడలేని నమ్మకం కలిగింది.

మావాడు 3,800 పెట్టి ఒక పెట్టె తెప్పించాడు. అందులో ఒక బొత్తాం, సబ్బుపెట్టెంత నల్లటి డబ్బా, జేబులో వేసుకునే రెండు రిమోట్లు, చిక్కుపడ్డ ఉన్ని ఉండలాగా రంగురంగుల తీగలు. కాగితం మీద రాసింది ఒక్క ముక్క అర్థంకాలేదు. 2024 జూన్‌లో ఒక ఆదివారం, బండి ఖాళీగా ఉన్నరోజు, విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. "అక్కడ ఆడవాళ్ళు కూర్చునే చోటు ఉండదు" అన్నారు మావారు. క్యారియర్‌లో పులిహోర పెట్టుకుని ఎక్కి కూర్చున్నాను.

ఆటోనగర్ చూడనివాళ్ళకి చెప్పాలి. అదొక ఊరు. ఒక వీధిలో లారీలకి చెక్క బాడీలు కడుతుంటారు, ఒక వీధిలో స్ప్రింగు కట్టలు, ఒకచోట రేడియేటర్లు, ఇంకోచోట సీట్లకి రెగ్జిను కుట్టడం. ఆటో ఎలక్ట్రికల్ పని చేసే షాపులు సరేసరి. మేం వెళ్ళిన షాపు మేస్త్రి అరవై ఏళ్ళ పెద్దమనిషి. ఒక స్టూలు తుడిచి, "కూర్చో చెల్లెమ్మా" అని, పెట్టె తిప్పి ముందు దానిమీద అంకె చూశాడు. "ఇది పన్నెండు వోల్టులది. మీ బండీ పన్నెండే కాబట్టి సరిపోయింది. పెద్ద లారీలకి రెండు బ్యాటరీలు కలిపి ఇరవై నాలుగు ఉంటుంది. దానికి ఇది తగిలిస్తే చిటికెలో మాడిపోతుంది" అన్నాడు. కాబట్టి కొనేవాళ్ళు ఈ అంకె మొదట చూసుకోండి.

నేను అడిగిందానికల్లా విసుక్కోకుండా చెప్పాడు, మహానుభావుడు. తాళంచెవి స్విచ్చి వెనకాల లావుపాటి తీగలు నాలుగైదు ఉంటాయి. ఒకటి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది. ఇంకోటి ఒక గంటు తిప్పితే రేడియోకి ఇచ్చేది. మరోటి రెండో గంటుకి ఇంజను పనిచెయ్యడానికి కావాల్సినవాటికి ఇచ్చేది. ఆఖరుది తిప్పి పట్టుకున్నంతసేపే సెల్ఫ్‌కి ఇచ్చేది. మన చెయ్యి తిప్పి కలిపే ఆ తీగల్నే ఈ నల్లడబ్బా లోపల కలుపుతుంది. పొలంలో మోటారుకి స్టార్టరు పెట్టె ఉంటుంది చూడండి, పచ్చ బొత్తాం మనం వేలితో నొక్కితే లోపల పెద్ద స్విచ్చి టక్కున పడుతుంది, అదే వరస. అంత కరెంటు ఆ చిన్న బొత్తాంలోంచి పోదు, పోతే బొత్తాం కరిగిపోతుంది. లోపల రిలేలని ఉంటాయి, అవి చేస్తాయి ఆ పని.

మేస్త్రి ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాడు. స్టీరింగు కింద తొడుగు తీసి తీగలన్నీ బయటికి లాగాడు. తర్వాత మళ్ళీ బ్యాటరీ తగిలించి, చిన్న బల్బుకి రెండు తీగలున్న టెస్ట్ ల్యాంపు పెట్టి, మావారిచేత చెవి తిప్పిస్తూ ఏ తీగ ఎప్పుడు వెలుగుతోందో చూసి, ఒక్కోదానికి కాగితం ముక్క అంటించాడు. రంగుల్ని నమ్మి కలపకూడదట, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. గుర్తులు పెట్టాక మళ్ళీ బ్యాటరీ విప్పి అప్పుడు పని మొదలుపెట్టాడు. అతని దగ్గర పనిచేసే కుర్రాడు తీగలు మెలిపెట్టి టేపు చుట్టబోతే, చేతిమీద ఒక్కటిచ్చి, టంకం పెట్టించి పైన గొట్టంలాంటి స్లీవు తొడిగించాడు. వేడి తగలగానే అది తీగని కరుచుకుంటుంది. "ఎండాకాలం టేపు జిగురు కరిగి ఊడుతుంది చెల్లెమ్మా. బండి కుదుపులకి తీగ తీగని తాకిందంటే కింద పొగే" అన్నాడు. బ్యాటరీ నుంచి వచ్చే తీగకి బ్యాటరీ దగ్గర్లోనే ఫ్యూజు పెట్టాడు. ఫ్యూజు దూరంగా పెడితే, మధ్యలో తీగ ఒరుసుకుంటే కాపాడేవాడు ఉండడు కదా. ఎర్తు తీగకి బాడీమీద రంగు గీకి శుభ్రమైన ఇనుముకి బిగించాడు.

రిమోట్టులో దూరం నుంచే బండి స్టార్టు చేసే ఏర్పాటు కూడా ఉందట. మావాడికి అదే ముచ్చట. "ఇంట్లోంచి నొక్కితే నాన్న వెళ్ళేసరికి ఇంజను రెడీగా ఉంటుంది" అంటున్నాడు. మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "మీది గేరు బండి బాబూ. గేరులో పెట్టి ఆపిన బండిని దూరం నుంచి స్టార్టు చేస్తే మనిషి లేకుండా అదే ముందుకి దూకుతుంది. షెడ్డు మూసి ఉందనుకో, ఆ పొగకి మనుషులే పోతారు. ఆ తీగ నేను కలపను" అని చెప్పి, దాని కొస కత్తిరించి మూసేశాడు. నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయ్యింది.

మిగిలింది బ్రేకు తీగ. బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైటు వెలుగుతుందే, ఆ తీగని డబ్బాకి ఇస్తారు. బ్రేకు తొక్కి బొత్తాం నొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. బ్రేకు తొక్కకపోతే ఒక నొక్కుకి రేడియో, రెండో నొక్కుకి మీటరు లైట్లు, మూడో నొక్కుకి అన్నీ ఆగిపోవడం. "అయిపోయింది, మూతలు బిగించడమే" అన్నాడు మేస్త్రి.

అప్పుడు నేను అడిగాను. "అన్నయ్యగారూ, గేరులో ఉన్నప్పుడు బ్రేకు తొక్కి నొక్కితే ఏమవుతుంది?"

"బ్రేకు మీద కాలుంటుంది కాబట్టి ఒక్క ఊపు ఊగుతుంది, అంతే."

"ఆ కాలు చిన్నపిల్లాడిదైతే? సగం తొక్కి వదిలేస్తే?"

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా వీధి పల్లం. బండి ఎప్పుడూ గేరులోనే పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం కింద ఇటుక పెడతారు. బండికి ముందువైపు వీధి కుళాయి. పొద్దున్నా సాయంత్రమూ అక్కడ బిందెలు, వాటి చుట్టూ పిల్లలు. ఇన్నాళ్ళూ ఆయన దిగితే తాళంచెవి ఆయన జేబులోకి వచ్చేది, బండి కట్టెలాగా పడి ఉండేది. కానీ ఇప్పుడో? చెవి స్థానంలో రిమోట్టు. ఆయన చొక్కా జేబులో అది ఉండగా బండి పక్కనే నిలబడి బస్తాలు దించుతుంటారు. బండి ఏమనుకుంటుంది? యజమాని దగ్గరే ఉన్నాడనుకుంటుంది. క్యాబిన్‌లోకి ఎవరెక్కి నొక్కినా పలుకుతుంది. పిల్లలకి నీలంరంగులో వెలిగే బొత్తాం కనిపిస్తే నొక్కకుండా ఉంటారా చెప్పండి? మనింట్లో కాలింగ్ బెల్లునే వదలరు.

ఇదంతా నాకు అంత సాఫీగా చెప్పడం రాలేదు. "మిక్సీ జారు సరిగ్గా లాక్ పడకపోతే ఎన్నిసార్లు స్విచ్చి వేసినా తిరగదు చూడండి, అలాంటిది దీనికి లేదా?" అని అడిగాను. మేస్త్రి నవ్వాడు. "ఉంది. క్లచ్చికి ఒక స్విచ్చి పెట్టాలి. క్లచ్చి నేలకి ఆనేదాకా తొక్కితేనే సెల్ఫ్‌కి కరెంటు వెళ్తుంది. క్లచ్చి తొక్కితే గేరులో ఉన్నా ఇంజనుకీ చక్రాలకీ సంబంధం ఉండదు కాబట్టి బండి దూకదు. కానీ అది ఎవరూ అడగరు చెల్లెమ్మా, ఇంకో రెండు గంటల పని" అన్నాడు.

మావారికి కోపం వచ్చింది. "ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. న్యూట్రల్ చూసుకోకుండా స్టార్టు చేస్తానా? అయినా కుడిచేతికి ఇంత కష్టమొచ్చిందని పెట్టిస్తే, ఇప్పుడు రెండు కాళ్ళూ తొక్కి నొక్కాలా!" అన్నారు. షాపులో నలుగురూ చూస్తున్నారు. "మీరు చూసుకుంటారండీ. ఆ బొత్తాం చూసుకోదుగా?" అన్నాను మెల్లగా. ఆయన బయటికెళ్ళి టీ తాగొచ్చారు. నేను మాత్రం స్టూలు మీదనుంచి లేవలేదు. పులిహోర విప్పి మేస్త్రికీ కుర్రాడికీ పెట్టాను. పనికి అది లంచమనుకున్నా సరే!

ఆయన తిరిగొచ్చేసరికి కుర్రాడు పక్క వీధినుంచి క్లచ్చి స్విచ్చి తెచ్చాడు. పెడలు పైన రేకుముక్క ఒకటి వంచి బిగించి, సెల్ఫ్‌కి వెళ్ళే తీగని మధ్యలో కోసి ఒక రిలే పెట్టి, ఆ రిలేకి ఈ స్విచ్చి కలిపారు. పెడలు సగం తొక్కితే పలకకుండా, పూర్తిగా తొక్కితేనే పలికేలా మూడుసార్లు సరిచేశారు. ఆ స్విచ్చికీ రిలేకీ కలిపి 450, మొత్తం పనికి కూలి 1,800. నేను చిన్నపిల్లనెక్కినట్టు క్యాబిన్‌లోకెక్కి, క్లచ్చి తొక్కకుండా బ్రేకు తొక్కి పదిసార్లు నొక్కి చూశాను. లైట్లు వెలిగాయి గానీ ఇంజను కిక్కురుమనలేదు. అప్పుడు దిగాను.

పాత తాళంచెవి దారి మాత్రం తీసెయ్యలేదు. అది రెండు రకాలుగా అవసరం. ఒకటి, ఈ డబ్బా దారిలో మొరాయిస్తే చెవితోనే స్టార్టు చేసుకుని ఇంటికి రావచ్చు. రెండోది, స్టీరింగు లాకు. చెవి తీసేస్తే స్టీరింగు బిగుసుకుంటుంది కదా, బొత్తాం పెట్టించుకునేవాళ్ళు చాలామంది ఆ లాకునే విరగ్గొట్టించేస్తారట. దొంగకి అంతకంటే ఏం కావాలి! మేం ఉంచేశాం. పొద్దున్న ఒక్కసారి చెవి పెట్టి ఒక గంటు తిప్పితే లాకు వదులుతుంది. దానికి స్ప్రింగు లేదు, తేలిక. రోజంతా అలాగే ఉంటుంది, రాత్రి తీసేస్తే మళ్ళీ బిగుస్తుంది. పొద్దున నాలుగున్నరకి కాఫీ గ్లాసు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ ఒక్క గంటూ నేనే తిప్పుతున్నాను. ఆయన తిప్పుకోగలరు, అయినా.

మా బండి చెవిలో చిప్పు లేదు కాబట్టి పని ఇంతతో అయింది. చిప్పున్న కొత్త బండ్లకి ఇంకో డబ్బా కావాలట, అది చెవిని గుర్తుపట్టినట్టు బండిని నమ్మించాలి. వారంటీలో ఉన్న బండికైతే తీగలు కోయించకముందే కంపెనీవాళ్ళని అడగడం మంచిది. ఇన్సూరెన్సు ఏజెంటుకి కూడా చెప్పి, బిల్లు జతచేసి కాగితం రాసిచ్చాం. ఆర్.సి.లో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉంది. బొత్తాం సంగతి ఆర్.సి.లో ఉండదు, అయినా రేపు ఏదైనా అయితే 'చెప్పలేదే' అనిపించుకోవడం ఎందుకని.

మొదటి వారం కాస్త తికమకే. డీజిలు బండి కదా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మీటరులో చుట్టలాంటి హీటరు గుర్తు ఆరిందాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ఈయన అలవాటు లేక బ్రేకు తొక్కి ఒక్కసారే నొక్కేస్తే ఇంజను ఖళ్ళుఖళ్ళుమని ఆగిపోయేది. ఇప్పుడు ముందు పెడళ్ళు తొక్కకుండా రెండుసార్లు నొక్కుతారు, గుర్తు వెలిగి ఆరుతుంది, తర్వాత రెండు కాళ్ళూ తొక్కి నొక్కుతారు. ఇంకో సంగతి. బండి నడుస్తుండగా పొరపాటున బొత్తానికి చెయ్యి తగిలితే ఏమవుతుందని మేస్త్రిని ఫోనులో అడిగాం. కొన్ని రకాలు ఒక్క నొక్కుకే ఇంజను ఆపేస్తాయట, కొన్నిటికి మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఇంజను ఆగితే పవర్ స్టీరింగు బండరాయవుతుంది, బ్రేకు రెండుమూడు తొక్కులకే బిగిసిపోతుంది. మాది నొక్కి పట్టుకుంటేనే ఆగే రకం. అయినా మోకాలూ, సంచీ తగలకుండా బొత్తాన్ని మీటరు పక్కన పైకి పెట్టించుకున్నాం.

ఆగస్టులో అనుకుంటాను, ఒకరోజు అన్నం తింటూ మావారు, "ఇవాళ పామర్రులో కొట్టాయన మనవడు బండెక్కేశాడు. నేను వెనక నూనె డబ్బాలు దించుతున్నాను. టక్కుటక్కున నొక్కుతున్నాడు, రేడియో వచ్చింది, వైపర్లు తిరిగాయి" అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ క్లచ్చిదాకా వాడి కాలు అందలేదులే" అని, కాసేపాగి, "కొంచెం పెరుగు వెయ్యి" అన్నారు. అంతకంటే ఆయన చెప్పరు, నేనూ అడగలేదు. ఆ మర్నాటి నుంచి బస్తాలు దించేటప్పుడు క్యాబిను తలుపులు రెండూ లాకు వేస్తున్నారట, కొట్టాయనే మా పిన్నిగారితో అన్నాడు.

కొట్లలో పిల్లలు కొందరు ఇప్పటికీ అలవాటుకొద్దీ బండి దగ్గరికొచ్చి నిలబడతారట, తిప్పుదామని. ఆయన వాళ్ళ చేతిలో ఒక చాక్లెట్టు పెట్టి పంపిస్తారు.

రిమోట్టులో గుండ్రటి చిన్న సెల్లు ఉంటుంది. అది అయిపోతే బండికి యజమాని కనిపించడు. కొత్త సెల్లు ఒకటి కొని దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన పెట్టాను, రెండో రిమోట్టు బీరువాలో ఉంది. మార్చిన తేదీ క్యాలెండరు మీద, గ్యాసు బండ వచ్చిన తేదీ కిందే రాసుకుంటున్నాను.